జపాన్ వలసపాలనలో కొరియా మిల్లు ఆడవాళ్లు: సమ్మె కోరికల్లో ప్రతిసారీ జరిమానాల మాట ఎందుకు?

గోదారిగట్టు:
1930 జనవరిలో బూసాన్‌లోని చోసన్ స్పిన్నింగ్ మిల్లులో రెండు వేల మందికి పైగా పని ఆపేశారు. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. కోరికల పట్టీలో కూలి పెంచాలి, 8 గంటల పని ఉండాలి, హాస్టల్ భోజనం బాగుచేయాలి, పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలి అని ఉంది. వాటి పక్కనే జరిమానాలు ఎత్తేయాలి అని కూడా ఉంది. అదే ఏడాది ఆగస్టులో ప్యాంగ్యాంగ్ రబ్బరు బూట్ల ఫ్యాక్టరీల సమ్మెలో కూడా ఇదే గొడవ: పాడైన సరుకు ఖరీదు మా కూలిలోంచి కొయ్యొద్దని.

కూలి ఎంతో చెప్పే లెక్కలు దొరుకుతాయి. అప్పట్లో కొరియన్ ఆడమనిషి రోజు కూలి కొరియన్ మగవాడి కూలిలో సగానికి కాస్త అటూఇటూ, జపాన్ మగ కార్మికుడి కూలిలో దాదాపు నాలుగో వంతు. నాకు అర్థం కావలసింది వేరే. యంత్రం దగ్గర ఏ తప్పుకి కోత పడేది? ఆ తప్పు నిజంగా ఆమెదేనా? పట్టు, నూలు, రబ్బరు మూడింటి గురించీ పని తెలిసినవాళ్లు చెప్పండి.

రాయలసీమ_రీలర్:
పట్టు సంగతి నేను చెబుతాను. డేగులో కటకురా, డేజన్‌లో గున్‌జె లాంటి జపాన్ కంపెనీల రీలింగ్ మిల్లులు ఉండేవి. హిందూపురం వైపు రీలింగ్ యూనిట్లు చూసినవాళ్లకు ఈ పని కొత్తేం కాదు.

పట్టుగూళ్లను ముందు వేడిగాలిలో ఎండబెట్టి లోపలి పురుగును చంపుతారు. తర్వాత మరిగే నీళ్లలో ఉడికిస్తే పోగును అతికించి ఉంచే జిగురు మెత్తబడుతుంది. బ్రష్షుతో పైన తట్టి, చిక్కుపడ్డ పైపొర పీచు తీసేస్తే అసలు కొస దొరుకుతుంది. రీలింగ్ తొట్టిలో కొన్ని గూళ్ల కొసలు కలిపి, సన్నని రంధ్రం గుండా పైకి లాగి, తడి పిండుకుపోయేలా ఒకదాని చుట్టూ ఒకటి మెలివేసి, చక్రం మీదకు చుట్టాలి.

జరిమానా ఎక్కడ పడుతుందో చూడండి. పోగు మందాన్ని తూకంతో చెప్పే కొలత డెనియర్. ఒక్క గూటి పోగు సుమారు 2.8 డెనియర్. 14 డెనియర్ పట్టు కావాలంటే 5 గూళ్లు, 21 డెనియర్ కావాలంటే 7 లేదా 8 గూళ్లు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. ఏదైనా గూడు అయిపోతే ఆ క్షణమే కొత్త కొస విసిరి కలపాలి. పరీక్షకు 450 మీటర్ల చిన్న లచ్చి తీసి తూస్తారు. 14 డెనియర్ అయితే 0.7 గ్రాములు తూగాలి. ఆ 450 మీటర్లూ ఒక గూడు తక్కువతో నడిచి ఉంటే తూకం 0.56 గ్రాములకు పడిపోతుంది. అంటే 0.14 గ్రాముల తేడా. తూకం వేసేవాడి ముందు ఆ పిల్ల దొరికిపోయినట్టే.

పైగా గూటి పోగు మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో ఉండదు. చివరికి వచ్చేసరికి సన్నబడుతుంది. కాబట్టి 5 గూళ్లు ఉన్నాయని లెక్కపెట్టుకుంటే చాలదు. ఐదూ ఆఖరి దశలో ఉంటే పట్టు పలచన, ఐదూ కొత్తవైతే మందం. పాతవీ కొత్తవీ కలిసి నడిచేలా కంటితో చూసుకోవాలి. ఇలాంటి తొట్టి దగ్గర 13, 14 ఏళ్ల పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్లు.

నీళ్ల వేడిది ఇంకో తంటా. వేడి తగ్గితే జిగురు కరగక పోగు తెగుతుంది. వేడి ఎక్కువైతే గూడు మరీ మెత్తబడి పీచు ముద్దలుగా ఊడి వస్తుంది, ఆ ముద్ద పట్టులో గడ్డలా కనిపిస్తుంది. పాత రకం తొట్టిలో నీళ్లు 60 నుంచి 80 డిగ్రీలు. రోజంతా వేళ్లు ఆ నీళ్లలోనే. చర్మం తెల్లగా నానిపోయి, వేళ్ల సందుల్లో పుండ్లు పడేవి. ఒక్కొక్కరు ఇరవై కొసల దాకా చూసుకునే కొత్త యంత్రాల్లో నీళ్ల వేడి 40 దగ్గరకు తగ్గింది కానీ, కళ్లూ కాళ్లూ పడే కష్టం పెరిగింది.

ఇక కూలి లెక్క. ఇది జపాన్‌లో సువా ప్రాంతపు పట్టు మిల్లులు పెంచి పెద్దచేసిన పద్ధతి. కంపెనీలతో పాటు కొరియాకీ వచ్చింది. ఎంత పట్టు తీసింది, ఇన్ని గూళ్లకు ఎంత పట్టు రాబట్టింది, మందం ఎంత సమంగా ఉంది, మెరుపు ఎలా ఉంది అని నాలుగు రకాలుగా మార్కులు వేస్తారు. ఆ మార్కుల్ని మిల్లు సగటుతో పోలుస్తారు. సగటు కన్నా పైన ఉంటే కూలి పెరుగుతుంది, కింద ఉంటే తెగుతుంది. మొత్తం కూలి నిధి మాత్రం కదలదు. అందరూ బాగా చేస్తే సగటే పైకి జరుగుతుంది, అంతే. ఒకళ్లకు పెరిగిందీ అంటే పక్క తొట్టి దగ్గర ఇంకొకళ్లకు తగ్గినట్టు. నన్నడిగితే మూడు పరిశ్రమల్లోనూ ఘోరమైన లెక్క ఇదే.

చిక్కడపల్లి_చదువరి:
ఆ 0.14 గ్రాముల తేడాకి కొనేవాడు నిజంగా పట్టించుకునేవాడా, లేక కోత పెట్టడానికి సాకా?

రాయలసీమ_రీలర్:
పట్టించుకునేవాడండీ. ఆ పట్టులో చాలాభాగం చివరకు అమెరికా మేజోళ్ల మిల్లులకు చేరేది. పట్టు మందం మారితే మేజోడు మీద అడ్డ చారలు కనిపిస్తాయి. అందుకే అక్కడ తనిఖీ గట్టిగా ఉండేది. నాణ్యత కావాలనడంలో తప్పేం లేదు. గూళ్ల నాసిరకం, ఉడకబెట్టినవాడి పొరపాటు, ఆవిరి సరిగా రాకపోవడం కూడా అదే తూకంలో కలిసిపోయి ఆ పిల్ల పేరు మీద పడేవి. తప్పంతా అక్కడుంది.

నూలుదారం:
నూలు మిల్లుల సంగతి. బూసాన్ చోసన్ స్పిన్నింగ్ 1917లో పెట్టిన కంపెనీ. 1930లలో ఇంచియాన్‌లో తోయో స్పిన్నింగ్, గ్వాంగ్జులో కానెగఫుచి, అంటే కానెబో, పెద్ద మిల్లులు కట్టాయి.

పత్తి బేళ్లు బ్లోరూంలో విప్పి దులుపుతారు, కార్డింగ్‌లో దువ్వుతారు, డ్రాయింగ్‌లో సాగదీసి సమం చేస్తారు, స్పీడ్ ఫ్రేమ్ మీద లావు పోగు అవుతుంది, రింగ్ ఫ్రేమ్ మీద అసలు నూలు వడుకుతుంది. ఆడపిల్లలు ఎక్కువగా రింగ్ ఫ్రేమ్ దగ్గరే. వాళ్ల పని నడుస్తూనే ఉండడం. బారుగా ఉన్న కదుళ్ల ముందు అటూ ఇటూ తిరుగుతూ, పోగు తెగినచోట కదురును చేత్తో ఆపి, కండె మీద కొస వెతికి, రోలర్ల దగ్గర వస్తున్న పీచుకి అతకాలి. చేయి తిరిగితే కొన్ని సెకన్ల పని. ఒక పోగు అతికేలోపు ఇంకో మూడు తెగితే ఆ పత్తి రోలర్లకు చుట్టుకుంటుంది, పక్క పోగుల్నీ తెంపుతుంది. అప్పుడు వేస్ట్ పెరుగుతుంది. కోత దానికే.

పోగు ఎందుకు తెగుతుందో మిల్లులో పనిచేసే ఎవర్నడిగినా చెబుతారు. గాలిలో తేమ తగ్గితే తెగుతుంది. ముందు విభాగం నుంచి వచ్చిన లావు పోగు ఎగుడుదిగుడుగా ఉంటే తెగుతుంది. రింగ్ మీద తిరిగే ట్రావెలర్ అనే చిన్న కొక్కెం అరిగితే తెగుతుంది. పొట్టి పీచు కలిపిన పత్తి అయితే మరీనూ. ఈ నాలుగింటిలో ఒక్కటీ కదుళ్ల ముందు తిరిగే పిల్ల చేతిలో లేదు. ఆమె చేతిలో ఉన్నది అతికే వేగం ఒక్కటే. ఆ వేగం పన్నెండు గంటల షిఫ్ట్‌లో చివరి మూడు గంటలు నిలవదు, రాత్రి షిఫ్ట్‌లో అసలు నిలవదు.

తేమ కోసం ఆవిరి వదులుతారు, కిటికీలు మూసేస్తారు. లోపల వేడి, ఎగిరే దూది. మంచు కాలంలో ఆ చెమటతోనే బయటికి రావాలి. క్షయ పట్టుకునేది అందుకే. 1913లోనే జపాన్‌లో ఇషిహారా ఒసాము అనే వైద్యుడు మిల్లు ఆడపిల్లల బరువులు తూచి చూపించాడు: రాత్రి షిఫ్ట్‌లో తగ్గిన బరువు పగటి షిఫ్ట్‌కి మారాక కూడా పూర్తిగా తిరిగి రాదని. మిల్లులో జబ్బుపడ్డ పిల్లను ఇంటికి పంపేసేవాళ్లు. ఆమె ఊళ్లో చనిపోతే అది మిల్లు లెక్కలోకి రాదు.

పని తప్పుల కోతలు కాక హాజరు కోతలు వేరే. ఆలస్యానికి కోత, మాట్లాడినందుకు కోత. హాస్టల్ భోజనం డబ్బులు ముందే పట్టేస్తారు, పొదుపు పేరుతో కొంత కంపెనీ దగ్గరే ఉంచేస్తారు. ఒప్పందం పూర్తికాకుండా వెళ్లిపోతే ఆ పొదుపు చేతికి రావడం కష్టం. ఒప్పందం మీద సంతకం తండ్రిదో అన్నదో ఉంటుంది, పనిచేసేది మాత్రం పిల్ల.

పాతపేపర్లు:
నూలుదారం గారు రాత్రి షిఫ్ట్ అన్నారు కాబట్టి చట్టం సంగతి కూడా కలపాలి. మిల్లులు కొరియాకు ఎందుకొచ్చాయన్నది దాంట్లోనే ఉంది.

జపాన్ ఫ్యాక్టరీ చట్టం 1911లో చేశారు, 1916లో అమలులోకి వచ్చింది. ఆడవాళ్లకూ పిల్లలకూ రాత్రి పని నిషేధం మాత్రం మిల్లు యజమానులు వాయిదా వేయిస్తూ వచ్చి, 1929 జులైలో గానీ అమలు కాలేదు. ఆ తర్వాత జపాన్ మిల్లుల్లో షిఫ్ట్ ఎనిమిదిన్నర గంటలకు తగ్గింది. కొరియాలో ఆ చట్టం ఏనాడూ అమలు చేయలేదు. కొరియాను పాలించే జపాన్ గవర్నర్ జనరల్ ప్రభుత్వం అందుకు ఒప్పుకోలేదు. అదే కంపెనీ, అదే రకం రింగ్ ఫ్రేమ్, సముద్రం దాటితే పన్నెండు గంటల చొప్పున పగలూ రాత్రీ నడపొచ్చు.

ఇంకోటి కూడా ఉంది. 1931లో జపాన్‌లో ముఖ్య పరిశ్రమల నియంత్రణ చట్టం వచ్చింది. ఉత్పత్తి ఎంతకు మించకూడదో కంపెనీలు కూడబలుక్కుని పెట్టుకునే కార్టెల్ పరిమితులు దాని కింద బిగిశాయి. అది కొరియాకు 1937 దాకా వర్తించలేదు. ఇంచియాన్, గ్వాంగ్జు మిల్లులు లేచినది సరిగ్గా ఆ మధ్యకాలంలోనే. చవక కూలి ఒక్కటే కారణమంటే సగమే చెప్పినట్టు. 1931 నాటి సర్వేలో కొరియా ఫ్యాక్టరీ కార్మికుల్లో దాదాపు సగం మంది రోజుకు 12 గంటలు, అంతకన్నా ఎక్కువ పనిచేస్తున్నట్టు తేలింది. బట్టల మిల్లుల్లో ఆ వాటా ఇంకా ఎక్కువ.

కొండవీటి_చరిత్ర:
మొత్తానికి జపాన్ యజమానులు కొరియన్ ఆడపిల్లల్ని పీల్చి పిప్పిచేశారు. కొరియన్ యజమానుల దగ్గరైతే ఇలా ఉండేది కాదు.

పాతపేపర్లు:
మొదటి వాక్యం నిజం. రెండోది ఒప్పుకోలేను.

ప్యాంగ్యాంగ్ రబ్బరు ఫ్యాక్టరీల్లో చాలావాటి యజమానులు కొరియన్లే. క్యంగ్‌సాంగ్ స్పిన్నింగ్ 1919లో కొరియన్ పెట్టుబడితో పెట్టిన కంపెనీ. 1923లో టొయోడా మగ్గాలు వందతో నేత మొదలుపెట్టింది. స్వదేశీ వస్తువులే కొనండన్న ఉద్యమం నడుస్తున్న రోజుల్లో జనం అభిమానంతో దాని గుడ్డ కొన్నారు. అదే మిల్లులో 1931లో ఆడవాళ్లు సమ్మె చేశారు. పోలీసులు ఎవరి పక్షాన నిలబడ్డారో చెప్పక్కర్లేదు. వలస ప్రభుత్వం చట్టం లేని చోటు తయారుచేసి పెట్టింది, ఆ చోటును ఇద్దరు యజమానులూ వాడుకున్నారు. ఇది కప్పిపుచ్చితే ప్యాంగ్యాంగ్ ఆడవాళ్లు ఎవరి మీద పోరాడారో మనకు కనిపించదు.

విశాఖ_వాణి:
రబ్బరు నేను రాస్తాను. కొమూషిన్ అనే రబ్బరు బూట్లు 1920ల మొదట్లో కొరియా అంతా పాకిపోయాయి. గడ్డితో అల్లిన చెప్పులు వానకి నానిపోతాయి, ఇవి నానవు.

పచ్చి రబ్బరును రెండు రోలర్ల మధ్య నలిపి మెత్తచేస్తారు. గంధకం, సుద్ద లాంటి పొడి, రంగు కలుపుతారు. తర్వాత రేకులా సాగదీస్తారు. ఇదంతా మగవాళ్ల పని, కూలీ ఎక్కువ. ఆ రేకును ముక్కలుగా కోసి, పాదం ఆకారపు అచ్చు మీద పరిచి, పెట్రోలు లాంటి ద్రావకంలో కరిగించిన రబ్బరు జిగురు పూసి, చేతి రోలర్‌తో అతుకు మీద నొక్కడం ఆడవాళ్ల పని. వీళ్లకు జతకింత అని కూలి. తర్వాత అచ్చులతో సహా ఇనప డ్రమ్ములో పెట్టి 130 డిగ్రీలు దాటిన ఆవిరిలో సుమారు గంట ఉడికిస్తారు. తీశాక అచ్చు నుంచి ఒలిచి తనిఖీ.

తప్పు బయటపడేది ఆ తనిఖీలోనే. బొబ్బలు వచ్చి ఉంటే అతుకులో గాలి చిక్కిందనో జిగురు ఆరకముందే మూసిందనో అంటారు. నిజమే కావచ్చు. రేకులో తేమ ఉన్నా బొబ్బలే వస్తాయి. బూటు జిగటగా ఉంటే ఆవిరి చాలలేదు, లేదా గంధకం తక్కువ. పెళుసుగా విరిగితే ఎక్కువ ఉడికింది. అతుకు ఊడితే ఆమె నొక్కింది చాలకపోవచ్చు, రేకు మీద దుమ్ము పడి ఉండొచ్చు, కలిపినవాడు సుద్ద ఎక్కువ పోసి ఉండొచ్చు. జతను చివరగా చేత్తో ముట్టింది ఆమె కాబట్టి ఖర్చు ఆమె మీదే రాసేవాళ్లు.

అసలు ప్రశ్నకు ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. అంకెలు ఊహించినవే, లెక్క తీరు మాత్రం అదే. ఒక జత అతికినందుకు కూలి 1 పాలు, ఆ జత అమ్మకం ధర 10 పాళ్లు అనుకుందాం. రోజుకు 30 జతలు చేస్తే 30 పాళ్లు. కూలి 17 శాతం తగ్గిస్తే 5 పాళ్లు పోతాయి. ఒక్క జత పాడైందని ధర మొత్తం కోస్తే 10 పాళ్లు పోతాయి. 17 శాతం కోత కన్నా ఒక్క చెడ్డ జత రెట్టింపు దెబ్బ. కూలి కోతైతే ముందే తెలుస్తుంది, ఇది ఏ రోజు పడుతుందో తెలియదు. గోదారిగట్టు గారూ, జరిమానాల మాట ప్రతి పట్టీలో ఎందుకుందో ఇందుకే.

నూలు మిల్లుల్లో ఎక్కువగా పెళ్లికాని హాస్టల్ పిల్లలు. రబ్బరులో ఇళ్ల నుంచి వచ్చే పెళ్లయిన ఆడవాళ్లు, చంకలో చంటిపిల్లలతో. ఆ ద్రావకం ఆవిర్ల మధ్యే పాలివ్వడం. జతల లెక్కన కూలి కాబట్టి పాలిచ్చిన ప్రతి నిమిషం కూలి పోతుంది. 1930 ఆగస్టులో ప్యాంగ్యాంగ్‌లో 10 ఫ్యాక్టరీల నుంచి సుమారు 1,800 మంది పని ఆపినప్పుడు కోరికల్లో ప్రసవ సెలవు, పిల్లలకు పాలిచ్చుకునే వీలు కూడా రాశారు. తొంభై ఏళ్ల కిందటే ఆ రెండూ కాగితం మీద పెట్టి అడిగారంటే ఆ పట్టీ రాసినప్పుడు ఆడవాళ్ల మాట ఎంత గట్టిగా పడిందో ఆలోచించండి.

గోదారిగట్టు:
వాణి గారూ, ఆ లెక్కతో విషయం తేటతెల్లమైంది. మంటపం కప్పు ఎక్కిన కాంగ్ జుర్యోంగ్ ఈ సమ్మె మనిషేనా?

పాతపేపర్లు:
ఆమెది మరుసటి ఏడాది. 1901లో ఉత్తర ప్యాంగన్ రాష్ట్రంలోని గాంగ్గేలో పుట్టింది. కుటుంబంతో మంచూరియా వెళ్లింది, అక్కడే పెళ్లి. భర్త స్వాతంత్ర్య సైన్యంలో ఉండి చనిపోయాడు. తిరిగొచ్చి ప్యాంగ్యాంగ్ రబ్బరు ఫ్యాక్టరీలో చేరి తల్లిదండ్రుల్నీ తమ్ముణ్ణీ పోషించింది.

1931 మేలో ప్యాంగ్వన్ రబ్బరు ఫ్యాక్టరీ 17 శాతం కూలి కోత ప్రకటించింది. 49 మంది పని ఆపారు. ఫ్యాక్టరీలో నిరాహారదీక్షకు కూర్చుంటే పోలీసులొచ్చి బయటికి గెంటేశారు. ఆ రాత్రి ఆమె కోరా గుడ్డ కొనుక్కుని ఉల్‌మిల్‌దే మంటపం దగ్గరికి వెళ్లింది. చావాలనే అనుకుంది మొదట. ఊరికే చస్తే జనం ఏదో మాట అంటారు, మా సంగతి చెప్పి చస్తాను అనుకుని, గుడ్డ కొసకు రాయి కట్టి కప్పు మీదుగా విసిరి, దాన్ని పట్టుకుని పైకెక్కింది. నేల నుంచి దాదాపు 12 మీటర్లు.

తెల్లవారాక గుమిగూడిన జనానికి ఆమె చెప్పిన మాటల సారం ఇది: మా 49 మంది కూలి కోత మాకంత పెద్దది కాదు, మేం ఒప్పుకుంటే ప్యాంగ్యాంగ్‌లోని 2,300 మంది రబ్బరు కార్మికులందరి కూలీ కోస్తారు, అందుకే ప్రాణం పెట్టి అడ్డుపడుతున్నాం. పోలీసులు ఆమెను కిందికి దింపి పట్టుకుపోయారు, స్టేషన్లోనూ తిండి ముట్టలేదు. కోత వెనక్కి తీసుకున్నారు. తర్వాత ఎర్ర కార్మిక సంఘం కేసు పెట్టి మళ్లీ లోపలేశారు. ఆరోగ్యం పాడై బెయిలు మీద వచ్చి 1932 ఆగస్టులో పేదల వాడలో చనిపోయింది. 2007లో దక్షిణ కొరియా ప్రభుత్వం స్వాతంత్ర్య పోరాట పతకం ప్రకటించింది.

ఆమెతో జరిపిన సంభాషణ దోంగ్వాంగ్ మాసపత్రిక 1931 జులై సంచికలో అచ్చయింది. ఆ తరం ఫ్యాక్టరీ ఆడమనిషి మాట ఆమె బతికుండగానే ఇంత నేరుగా అచ్చులోకి రావడం చాలా అరుదు.

నిరాహారదీక్ష ఆమెతోనే మొదలైందనుకోవద్దు. 1923 జులైలో సియోల్‌లో నాలుగు రబ్బరు ఫ్యాక్టరీల ఆడవాళ్లు కూలి కోతకు వ్యతిరేకంగా గ్వాంగ్‌హి ద్వారం బయట ఆకలితో కూర్చున్నారు. పైనున్న సూపర్‌వైజర్‌ను తీసేయాలన్నది కూడా వాళ్ల కోరిక.

హన్_నది_ఒడ్డు:
సియోల్‌లో ఉండే తెలుగువాళ్ల కోసం. యంగ్‌దుంగ్‌ఫోలో ఇప్పుడు టైమ్స్ స్క్వేర్ మాల్ ఉన్న స్థలం క్యంగ్‌సాంగ్ స్పిన్నింగ్‌ది. మాల్ పక్కనే ఎర్ర ఇటుకల పాత ఆఫీసు భవనం, 1936 నాటిది, వారసత్వ కట్టడంగా నిలబెట్టారు. ఇంచియాన్ మన్‌సాక్‌దోంగ్‌లోని తోయో మిల్లు విముక్తి తర్వాత దొంగిల్ స్పిన్నింగ్ అయింది. 1972లో అక్కడి ఆడవాళ్లు తమలో ఒకామెను యూనియన్ నాయకురాలిగా ఎన్నుకున్నారు. 1978లో ఓటు వేయడానికి వచ్చిన ఆడవాళ్ల మీద మలం పోశారు. బూసాన్‌లో మిల్లు పోయింది కానీ ఆ చుట్టుపక్కల్ని ఇప్పటికీ చోబాంగ్ (చోసన్ స్పిన్నింగ్‌కి పొట్టిపేరు) ముందు అనే పిలుస్తారు, చోబాంగ్ ఆక్టోపస్ కూర హోటళ్లు అక్కడివే.

పాత పత్రికలు వెతికేవాళ్లకు: దోంగా, చోసన్ దినపత్రికలు 1920 నుంచి నావర్ న్యూస్ లైబ్రరీలో ఉచితంగా ఉన్నాయి. కంపెనీ పేరు జపాన్ ఉచ్చారణలోనూ కొరియా ఉచ్చారణలోనూ రెండు రకాలుగా వెతకండి, లేకపోతే సగం దొరకవు. 1940 ఆగస్టులో రెండు పత్రికల్నీ మూయించారు. యుద్ధకాలం మిల్లుల గురించి ఆ తర్వాత పత్రికల్లో దొరికేది తక్కువ. బతికినవాళ్ల వాంగ్మూలాలే ఆధారం.

చిక్కడపల్లి_చదువరి:
యుద్ధకాలంలో బడిపిల్లల్ని జపాన్ ఫ్యాక్టరీలకు తీసుకెళ్లారంటారే, వాళ్ల కూలి ఏమైంది?

నూలుదారం:
1944లో జొల్లా, చుంగ్‌చాంగ్ ప్రాంతాల నుంచి దాదాపు 300 మంది ఆడపిల్లల్ని నగోయాలోని మిత్సుబిషి విమాన ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. తొయామాలోని ఫుజికోషి యంత్రాల ఫ్యాక్టరీకి వెయ్యిమందికి పైగా. చాలామందికి 13, 14 ఏళ్లు. హెడ్మాస్టర్లూ టీచర్లే నచ్చచెప్పారు: అక్కడ హైస్కూల్లో చదివిస్తారు, డబ్బూ ఇస్తారు అని. బడి లేదు. పలకలకు రంగు వేయడం, తుప్పు గీకడం, లేత్ దగ్గర నిలబడడం. ఎత్తు చాలక పెట్టె మీద నిలబడి లేత్ నడిపినవాళ్లున్నారు. 1944 డిసెంబరు 7న వచ్చిన భూకంపంలో నగోయా ఫ్యాక్టరీ గోడలు కూలి ఆరుగురు కొరియన్ పిల్లలు చనిపోయారు.

కూలి దాచిపెడుతున్నాం, తర్వాత పంపుతాం అన్నారు, పంపలేదు. తిరిగొచ్చాక ఇంకో నరకం. జపాన్ వెళ్లొచ్చిందంటే సైన్యం వ్యభిచార శిబిరాలకు వెళ్లిందనే ఊళ్లో అనుకునేవాళ్లు. అందుకని చాలామంది భర్తకు కూడా చెప్పకుండా దాచుకున్నారు. దావాలు ఆలస్యంగా మొదలవడానికి అదొక కారణం. 2009లో జపాన్ పెన్షన్ అధికారులు వాళ్ల పేర్లు పాత రికార్డుల్లో ఉన్నాయని ఒప్పుకుని, పెన్షన్ ఉపసంహరణ కింద ఒక్కొక్కరికి 99 యెన్లు వేశారు. 1945 నాటి అంకె, పైసా వడ్డీ కలపకుండా. దక్షిణ కొరియా సుప్రీంకోర్టు 2018 నవంబరు 29న మిత్సుబిషి ఒక్కొక్కరికి 10 కోట్ల వోన్లకు తగ్గకుండా కట్టాలని తీర్పు చెప్పింది. ఫుజికోషి మీద తీర్పు 2024 జనవరిలో వచ్చింది. అప్పటికి దావా వేసినవాళ్లలో చాలామంది లేరు.